తెలుగు సిద్ధాంత వ్యాసాల్లో ఆధార సూచన: రూపం, ప్రామాణ్యం

సిద్ధాంత వ్యాసం ఎలా ఉండాలన్న ప్రశ్నకు విశ్వవిద్యాలయాలు ఇచ్చే సమాధానం సాధారణంగా ఒకటి రెండు పుటల నియమావళి. కాగితం కొలత, ఎడమ అంచు, అక్షర పరిమాణం, పంక్తుల మధ్య ఎడం, అట్ట రంగు, అట్ట మీద బంగారు అక్షరాలు అందులో వివరంగా ఉంటాయి. ఆధార సూచన దగ్గరకు వచ్చేసరికి ఎం.ఎల్.ఏ. శైలినో ఏ.పి.ఏ. శైలినో అనుసరించాలన్న ఒక్క వాక్యంతో విషయం ముగుస్తుంది. ఆ శైలులు ఆంగ్ల రచనను, ఆంగ్లంలో పేర్లు రాసే పద్ధతిని, రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకొని రూపొందినవి. వాటిని తెలుగు సాహిత్య పరిశోధనకు అన్వయించినప్పుడు ఎక్కడ పొసగుతాయి, ఎక్కడ పొసగవు, పొసగనిచోట పరిశోధన ప్రామాణ్యానికి ఏం నష్టం జరుగుతుంది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

ఆధారం చూపి రాయడం మనకు పడమటి నుండి దిగుమతి అయిన అలవాటు కాదు. మెదక్ ప్రాంతపు కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలం లేనిదేదీ రాయననీ, అవసరం లేనిదేదీ చెప్పననీ వ్యాఖ్యానారంభంలో ప్రతిజ్ఞ చేసుకున్నాడు. ఈ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని మన పరిశోధన పద్ధతి పాఠాలు తరచు గుర్తు చేస్తాయి. రెండో సగం అంతగా వినిపించదు. ఉపయుక్త గ్రంథ సూచి ఎంత పొడవుగా ఉంటే పరిశోధన అంత లోతైనదన్న భ్రమ ఆ రెండో సగాన్ని మరచిపోయినందువల్ల కలిగినదే. వ్యాసంలో ఒక్కసారైనా ప్రస్తావనకు రాని గ్రంథాలు సూచిలో బారులు తీరడం ‘అనపేక్షితం’ కాక మరేమిటి?

ఆధార సూచన పని మూడు విధాలు: పరిశోధకుని మాటను ఇతరుల మాట నుండి వేరు చేయడం, ఆ ఇతరులెవరో గుర్తించడం, వారి మాట దగ్గరకు పాఠకుణ్ణి చేర్చడం. తెలుగులో ఈ మూడూ కష్టమే. మొదటిదానిలోని కష్టం భాషలోనే ఉంది.

‘అని’ అనే మాట

తెలుగులో పరోక్తిని నిలిపేది ‘అని’ అనే అవ్యయం. ప్రత్యక్ష కథనమైనా పరోక్ష కథనమైనా దానితోనే ముగుస్తుంది. ఆంగ్లంలో కాలం మారుతుంది, సర్వనామం మారుతుంది. అది పరోక్ష కథనమని వాక్య నిర్మాణమే చెబుతుంది. తెలుగులో ఉత్తమపురుష సర్వనామం కనిపించినప్పుడు తప్ప ఆ భేదం వాక్యంలో స్పష్టంగా పొడసూపదు. విమర్శ వాక్యంలో ఉత్తమపురుష అరుదు. కాబట్టి ‘ప్రబంధంలో వర్ణన కథను మింగివేసిందని ఫలానా విమర్శకులు అభిప్రాయపడ్డారు’ అన్న వాక్యం చదివినప్పుడు ‘మింగివేసింది’ అన్న మాట ఆ విమర్శకులదో, వారి భావాన్ని సంగ్రహించిన పరిశోధకునిదో పాఠకునికి తెలియదు. మరుసటి వ్యాసకర్త ఈ వాక్యాన్ని చూసి ఆ మాటకు ఉద్ధరణ చిహ్నాలు తగిలిస్తే, ఆ విమర్శకులు ఎన్నడూ అనని మాట వారి పేర స్థిరపడిపోతుంది.

చిక్కు ఇంతటితో ఆగదు. ‘అని’ వాక్యం చివర వస్తుంది. ఉల్లేఖన ఎక్కడ ముగిసిందో చెబుతుంది గాని ఎక్కడ మొదలైందో చెప్పదు. మూడు వాక్యాల తరువాత ఒక ‘అని’ వచ్చి, దాని మీద పాదసూచిక అంకె ఉంటే, ఆ అంకె మూడు వాక్యాలకూ వర్తిస్తుందా, చివరిదానికేనా? పేరాలోని విశ్లేషణ అంతా పరిశోధకునిదనిపించి, చివరి వాక్యం మాత్రం ఇతరులదిగా కనిపించే రచనలు తక్కువేమీ కాదు. అందులో దురుద్దేశం ఉండనక్కరలేదు. వాక్యం అలా జారిపోయే వీలు భాషలో ఉంది. వక్త పేరును వాక్యారంభంలో నిలిపి, ‘ఫలానావారి దృష్టిలో’ అని హద్దు గీసి, వారి మాటలనే యథాతథంగా ఇస్తున్నప్పుడు తప్పనిసరిగా ఉద్ధరణ చిహ్నాలు పెట్టడమే దీనికి విరుగుడు. సాధారణ నియమంగా కనిపించే ఈ సూచన ఆంగ్ల రచయితకు మర్యాద మాత్రమే కావచ్చు. తెలుగు రచయితకు అది వ్యాకరణం చేయని పనిని పూరించడం.

‘అన్నారు’ అనవలసిన ప్రతిచోటా ‘వక్కాణించారు’, ‘నొక్కి చెప్పారు’, ‘అంగీకరించారు’, ‘సెలవిచ్చారు’ అని మార్చి మార్చి రాసే అలవాటు గురించి ఇక్కడే ఒక మాట. వీటిలో ఒక్కొక్క క్రియకు ఒక్కొక్క అర్థచ్ఛాయ ఉంది. ‘అంగీకరించారు’ అంటే అంతకుముందు వాదం ఉండాలి. పునరుక్తి భయంతో క్రియను మార్చినప్పుడు మూల రచయిత వైఖరి మారిపోతుంది.

పేరు ఎక్కడ మొదలవుతుంది?

ఆంగ్ల శైలుల్లో మొదటి నియమం: ఇంటిపేరు ముందుకు తెచ్చి కామా పెట్టి, తరువాత వ్యక్తినామం రాయాలి. తెలుగు పేరులో ఇంటిపేరు ముందే ఉంటుంది. అయినా యాంత్రికంగా చివరి మాటను ముందుకు తెచ్చి ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అనీ, ‘జాషువ, గుర్రం’ అనీ రాసిన సూచీలు కనిపిస్తాయి. ఇంటిపేరు సహజంగానే ముందు వచ్చే భాషల్లో పేరును తిప్పరాదనీ, కామా అక్కరలేదనీ ఎం.ఎల్.ఏ. శైలి గ్రంథమే చెబుతుంది. అంటే, ఇక్కడ తిప్పి రాయడం తెలుగు సంప్రదాయాన్నే కాదు, అనుసరిస్తున్నామనుకున్న శైలిని కూడా తప్పడమే. కంప్యూటర్లో ఆధార సూచిని తయారుచేసే ఉపకరణాలు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు చూపి నింపమంటాయి. ఏ గడిలో ఏది నింపాలో తెలియక చేసిన పొరపాటు తరువాత శైలిగా చెలామణి అవుతున్నది.

ఇంటిపేరు ముందుందని ఒప్పుకున్నంత మాత్రాన సమస్య తీరదు. తెలుగు రచయితల్లో చాలామంది ఇంటిపేరుతో గాక కలంపేరుతో ప్రసిద్ధులు. శ్రీశ్రీని శ్రీరంగం శ్రీనివాసరావు కింద వెతికేవారెవరు? ఆరుద్రను భాగవతుల సదాశివశంకరశాస్త్రి అన్న ఆరోపంలో చేరిస్తే పాఠకునికి దారి మూసివేసినట్టే. ‘దాశరథి’ అన్నప్పుడు మనసుకు తట్టేది కృష్ణమాచార్య; కాని అది ఇంటిపేరు కనుక రంగాచార్యకూ అదే వర్తిస్తుంది. తెలంగాణ నవల మీద పనిచేసే పరిశోధకుడు ‘దాశరథి, పుట 40’ అని పాదసూచికలో రాస్తే అన్నదమ్ములిద్దరిలో ఎవరో ఊహించుకోవాలి. తిరుపతి వేంకట కవులు ఒక పేరైనా ఇద్దరు కవులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి మరణానంతరం చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఒక్కరే రాసిన రచనలను ఏ పేర చేర్చాలన్నది కర్తృత్వ విచారణతో ముడిపడిన ప్రశ్న. భార్యాభర్తలు కలిసి వాడిన ‘బీనాదేవి’ అన్న పేరుదీ అదే స్థితి. అది స్త్రీ పేరు కనుక ‘రచయిత్రి’ అని రాసేస్తే సగం తప్పు.

ముప్పాళ రంగనాయకమ్మ పేరుతో వచ్చిన తొలి పుస్తకాలకు, ఇంటిపేరు లేకుండా రంగనాయకమ్మ అన్న పేరుతోనే వచ్చిన తరువాతి పుస్తకాలకు సూచిలో పన్నెండు పుటల దూరం ఏర్పడటం చూస్తాం. ఇంటిపేరు విడిచిపెట్టడం ఆమె విషయంలో యాదృచ్ఛికం కాదు, స్త్రీవాద విమర్శకు అదొక సాక్ష్యం. కాబట్టి ప్రసిద్ధ నామం కింద అన్ని రచనలనూ చేర్చి, ముఖపత్రం మీద పేరు వేరుగా ఉన్నప్పుడు ఆ రూపాన్ని కుండలీకరణంలో ఇవ్వడం మేలు. రెండింటిలో ఏ ఒక్కటి వదిలినా సమాచారం పోతుంది.

గౌరవవాచకాల విషయం నవ్వు తెప్పించేదే గాని తేలికగా కొట్టివేయదగింది కాదు. ‘ఆచార్య’, ‘డా.’, ‘శ్రీ’, ‘కీ.శే.’ వంటివి పేర్లకు ముందుంచి, అకారాది క్రమంలో పేర్చిన సూచీల్లో ఆచార్యులందరూ ‘ఆ’ దగ్గర కొలువుదీరుతారు. పర్యవేక్షకుల పేరుకు ‘ఆచార్య’, ‘గారు’ రెండూ ఉండి, వేటూరి ప్రభాకరశాస్త్రికి ఏదీ లేకపోవడం గౌరవ సూచనా కాదు, శాస్త్ర పద్ధతీ కాదు. కృతజ్ఞతల పుటలో గౌరవవాచకాలకు చోటుంది. సూచిలో అవసరం లేదు.

ఇక అకారాది క్రమమే ఒక ప్రశ్న. మనం నేర్చుకున్న వర్ణమాలలో ళ, క్ష, ఱ లు హకారం తరువాత వస్తాయి. యూనికోడ్‌లో ఱకారం రేఫ వెంటనే, ళకారం లకారం వెంటనే ఉన్నాయి. సంకేత సంఖ్యల వరుసను మాత్రమే అనుసరించి యంత్రం పేరిస్తే ‘కళాపూర్ణోదయం’ ముందు, ‘కవిజనాశ్రయం’ తరువాత వస్తాయి. వర్ణమాల ప్రకారం ‘కవిజనాశ్రయం’ ముందు రావాలి. సున్న సంగతి ఇంకా విచిత్రం. వర్ణమాలలో ‘అం’ అచ్చుల చివర ఉంటుంది, సంకేతాల్లో అన్ని అచ్చుల కంటే ముందుంది. అందువల్ల కందుకూరి వీరేశలింగం కట్టమంచి రామలింగారెడ్డికి ముందా వెనుకా అన్నది ఎవరు పేర్చారన్నదాని మీద ఆధారపడుతుంది. ఏ క్రమం పాటించారో సూచి మొదట ఒక వాక్యంలో చెప్పితే చాలు. ఆ వాక్యం ఉన్న సిద్ధాంత వ్యాసాలు అరుదు.

‘సం.’ అంటే ఎన్ని అర్థాలు?

తెలుగు ఆధార సూచనలో అతి ప్రమాదకరమైన అక్షరం ‘సం.’. ఇది సంపాదకుడు, సంపుటి, సంచిక, సంవత్సరం, సంకలనం – ఇన్నింటికీ సంక్షేపం. ‘భారతి, సం. 12, సం. 3’ అన్నప్పుడు సందర్భం నుండి గ్రహించవచ్చు. ‘గోలకొండ కవుల సంచిక, సం. సురవరం ప్రతాపరెడ్డి’ అన్నప్పుడు మాత్రం తికమక మొదలవుతుంది. ‘సంచిక’ అన్న మాట వల్ల 1934 నాటి ఆ గ్రంథాన్ని గోలకొండ పత్రిక ప్రత్యేక సంచికగా భావించి పత్రికల జాబితాలో చేర్చే అవకాశం ఉంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో జవాబిచ్చిన గ్రంథమది. పత్రికల జాబితాలో పడితే గ్రంథాల జాబితాలో వెతికేవారికి దొరకదు. అటువంటి గ్రంథం దొరకకపోవడం చిన్న విషయం కాదు. ‘సంపా.’, ‘సంపు.’, ‘సంచి.’ అని రెండక్షరాలు అదనంగా రాస్తే తీరే సమస్య ఇది.

కాలం చెప్పడంలో చిక్కు ఇంతకంటే లోతైనది. ఏ.పి.ఏ. వంటి రచయిత-సంవత్సర పద్ధతి శాస్త్ర విషయాలకు అనువైనది. అక్కడ గత సంవత్సరపు ప్రయోగం ఈ సంవత్సరానికి పాతబడుతుంది. తేదీ ముందు తెలియాలి. సాహిత్యంలో ఈ పద్ధతి పాటిస్తే నన్నయ పేరు పక్కన కుండలీకరణంలో ఇరవయ్యో శతాబ్దపు సంవత్సరం ఒకటి వచ్చి కూర్చుంటుంది. నన్నయ ప్రతి కొత్తదీ తిక్కన ప్రతి పాతదీ అయితే, వ్యాసంలో తిక్కన నన్నయకు పూర్వుడైపోతాడు! ప్రాచీనుల విషయంలో దీన్ని చూసి నవ్వుకొని ఊరుకోవచ్చు. ఆధునికుల విషయంలో అది నిజంగానే తప్పుదారి పట్టిస్తుంది. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. అందులోని ప్రధాన కవితలు అంతకుముందు రెండు దశాబ్దాలలోనివి. ‘శ్రీశ్రీ (1984)’ అని పునర్ముద్రణ సంవత్సరం రాసి, పక్కనే అభ్యుదయ సాహిత్యోద్యమ పరిణామాన్ని చర్చిస్తే ఆ చర్చకు కాలభూమిక ఉండదు.

‘కన్యాశుల్కం’ దీనికి అన్నింటికంటే మంచి ఉదాహరణ. 1897 నాటి నాటకమూ 1909 నాటి నాటకమూ ఒకటి కావు. గురజాడ రెండోసారి దాన్ని దాదాపు కొత్తగా రాశాడు. పాత్రలు పెరిగాయి, సంభాషణల స్వరూపం మారింది. నేడు మార్కెట్‌లో దొరికే ప్రతులు సాధారణంగా రెండో కూర్పును అనుసరించినవి. పరిశోధకుడు తన చేతిలోని ప్రతి ముద్రణ సంవత్సరం ఒక్కటే ఇచ్చి ‘1897లోనే గురజాడ ఇలా రాశాడు’ అని 1909 నాటి సంభాషణను ఉదాహరిస్తే, వాడుక భాష చరిత్రలో ఆ పన్నెండేళ్ల ప్రయాణం మాయమవుతుంది. ఇక్కడ ఆధార సూచనలోని లోపం వాదంలోని లోపంగా మారింది. కూర్పు, ముద్రణ అన్న రెండు మాటలకు తేడా పాటించడం కనీస అవసరం: పాఠం మారితే కూర్పు, మారకుండా మళ్లీ అచ్చయితే ముద్రణ. ప్రచురణకర్తలు కూడా ఈ భేదాన్ని ఎల్లప్పుడూ పాటించరు కనుక, ముఖపత్రం మీద ‘రెండవ ముద్రణ’ అని ఉన్నంత మాత్రాన నమ్మడానికి లేదు. రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి చూడవలసిందే.

పాత పుస్తకాల మీద, పత్రికల మీద తెలుగు సంవత్సరాల పేర్లు మాత్రమే ఉంటే మరొక జాగ్రత్త కావాలి. ప్రభవ అంటే 1867-68 కావచ్చు, 1927-28 కావచ్చు, 1987-88 కావచ్చు. అరవై ఏళ్ల తేడాను ఇతర సాక్ష్యాలతో తేల్చుకోగలిగినా, ఉగాది వసంతంలో వస్తుంది కనుక మాసం తెలియనిదే ఒక్క ఆంగ్ల సంవత్సరాన్ని నిర్ణయించలేం. ప్రభవ పుష్యమాసపు రచనను 1927 అని గుడ్డిగా రాస్తే అది తప్పు కావచ్చు. పుష్యం 1927 డిసెంబరు చివర మొదలై 1928 జనవరిలోకి సాగుతుంది. తెలుగు సంవత్సరాన్ని, మాసాన్ని ఉన్నవున్నట్టు ఇచ్చి, పక్కన ‘1927-28’ అని చూపడమే నిజాయితీ. ప్రచురణ స్థలానికీ ఇదే న్యాయం. వావిళ్లవారి పుస్తకం మీద ‘చెన్నపురి’ ఉంటే సూచిలో ‘చెన్నై’ అని దిద్దడం చరిత్రను దిద్దడమే.

పుట సంఖ్య, పద్య సంఖ్య

మన పూర్వులు మనకు వదిలిన ఒక గొప్ప సౌకర్యం ఆశ్వాస-పద్య సంఖ్యా పద్ధతి. ‘మనుచరిత్ర 2-25’ అన్న రెండంకెలు వావిళ్ల ప్రతి ఉన్నవాడికీ, వ్యాఖ్యానం ఉన్న నేటి ప్రతి ఉన్నవాడికీ, చేతిలోని ఫోనులో చదివేవాడికీ పనికొస్తాయి. పుట సంఖ్య ప్రతికి కట్టుబడి ఉంటుంది. పద్య సంఖ్య కావ్యానికి కట్టుబడి ఉంటుంది. అటువంటి పద్ధతి చేతిలో ఉండగా పర శైలిని పాటించాలన్న తాపత్రయంతో ప్రాచీన కావ్యానికి కూడా పుట సంఖ్య మాత్రమే ఇవ్వడం చేతిలోని దీపం ఆర్పి వెన్నెల కోసం ఎదురుచూడటం వంటిది.

అయితే ఈ పద్ధతికీ హద్దులున్నాయి. ప్రక్షిప్తమని ఒక పరిష్కర్త రెండు పద్యాలు తొలగిస్తే ఆ ఆశ్వాసం చివరిదాకా సంఖ్యలు మారిపోతాయి. వచనాలను లెక్కించే ప్రతులు, లెక్కించని ప్రతులు ఉంటే ఒకే పద్యానికి రెండు సంఖ్యలు వస్తాయి. ద్విపద కావ్యాలకు పద్య సంఖ్య అన్నదే లేదు. వేమన పద్యాలకు కర్త నిర్ణయించిన క్రమం లేదు; బ్రౌన్ 1829లో ఒకసారి, 1839లో మరొకసారి ప్రచురించాడు, తరువాతి సంపాదకులు తమ తమ క్రమంలో పేర్చారు. కనుక వేమన పద్యానికి సంఖ్య ఇచ్చినప్పుడు ఎవరి కూర్పో చెప్పకపోతే ఆ సంఖ్యకు అర్థం లేదు. అన్నమయ్య సంకీర్తనలకు రేకు సంఖ్య, సంపుటం, సంకీర్తన సంఖ్య మూడూ ఇవ్వాలి. రాగిరేకు సంఖ్యను అనవసర వివరంగా భావించి వదిలేవారున్నారు. నిజానికి అచ్చు పుస్తకం వెనుకనున్న మూలసాక్ష్యం దగ్గరకు చేర్చేది ఆ సంఖ్యే.

మూలసాక్ష్యం ఎక్కడుందో చూపడం ఎంత ముఖ్యమో నన్నెచోడుని ‘కుమారసంభవం’ చరిత్ర చెబుతుంది. మానవల్లి రామకృష్ణకవి 1909లో దాన్ని ప్రకటించింది మొదలు కవి కాలం మీదా, కావ్య ప్రామాణికత మీదా వాదోపవాదాలు దశాబ్దాల పాటు సాగాయి. అందులో సత్యం ఏ పక్షాన ఉందన్నది ఇక్కడ విషయం కాదు. ఆ వాదాల్లో ప్రతి పక్షమూ తాళపత్ర ప్రతుల దగ్గరకు వెళ్లక తప్పలేదన్నది విషయం.

ఇక్కడ తాళపత్ర పరిష్కరణ శాస్త్రం నుండే మనం ఒక పరికరాన్ని తెచ్చుకోవచ్చు. రెండు ప్రతుల్లో ఒకేచోట ఒకే తప్పు ఉంటే అవి రెండూ ఒకే మాతృకకు పుట్టినవని పరిష్కర్తలు నిర్ణయిస్తారు. ఒప్పు ఎవరికైనా విడివిడిగా తట్టవచ్చు. ఒకే తప్పు ఇద్దరికీ విడివిడిగా తట్టడం అరుదు. సిద్ధాంత వ్యాసాల పాదసూచికలకు ఈ సూత్రాన్ని అన్వయించి చూడండి. ఒక విమర్శ గ్రంథం నుండి ఇచ్చిన ఉల్లేఖనకు పుట సంఖ్య తప్పుగా పడి, అదే తప్పు సంఖ్య తరువాతి వ్యాసంలోనూ, దాని తరువాతిదానిలోనూ కనిపిస్తే, రెండో మూడో పరిశోధకులు మూలగ్రంథాన్ని తెరిచి చూడలేదని చెప్పడానికి వేరే రుజువు అక్కరలేదు. లేఖక ప్రమాదాల వంశవృక్షం గీసినట్టు, ఒక విశ్వవిద్యాలయంలో ఒక అంశం మీద వచ్చిన వ్యాసాల పాదసూచికల వంశవృక్షం గీయవచ్చు. అది పరువు తీసే పని అనిపించవచ్చు గాని, మన విమర్శలో ఏ అభిప్రాయం ఎక్కడ పుట్టి ఎలా స్థిరపడిందో తెలుసుకోవడానికి అంతకంటే మంచి మార్గం లేదు. మూలం దొరకనప్పుడు ‘ఫలానా గ్రంథంలో ఉద్ధృతం’ అని రాయడంలో చిన్నతనం లేదు. చూడని పుస్తకాన్ని చూసినట్టు రాయడంలోనే ఉంది.

మాదాపూర్‌లో తెలుగు అక్షరం

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడాది గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ మొదలై, భాషా సాంకేతికతకు ఒక పరిశోధన కేంద్రాన్ని కూడా ఏర్పరచుకుంది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం కూడా ఆ పరిసరాల్లోనే ఉంది. తెలుగు లిపి 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే చోటు సంపాదించుకుంది. ఇన్ని ఉన్న ఆ కొద్ది కిలోమీటర్ల మేరలో ఒక తెలుగు పరిశోధకుడు వ్యాసాన్ని టైపు చేయించడానికి వెళితే, డి.టి.పి. దుకాణంలో ఇప్పటికీ అను లిపి ఎదురవుతుంది. ప్రపంచ భాషలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే గాజు మేడల నీడలో తెలుగు అక్షరం ఇంకా రోమన్ అక్షరాల వేషంలోనే కాగితం మీదికి వస్తున్నది.

వేషం అన్నది అలంకారోక్తి కాదు. పాత తరం ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత సంకేతం ఉండదు. రోమన్ అక్షరాల, చిహ్నాల స్థానాల్లో తెలుగు అక్షర ఖండాల బొమ్మలు కూర్చి ఉంటాయి. కంటికి ‘క’ కనిపిస్తుంది, యంత్రానికి మరేదో అర్థం కాని గుర్తు కనిపిస్తుంది. అచ్చు వేసి అట్ట కట్టినంతకాలం ఇది ఎవరికీ బాధ కలిగించలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనలతో సిద్ధాంత వ్యాసాల ఎలక్ట్రానిక్ ప్రతులు సమర్పించడం మొదలై, అవి ‘శోధ్‌గంగ’లో చేరుతున్నప్పటి నుండి ఇది పరిశోధనకు అడ్డంకి అయింది. ఆ వ్యాసాల్లో ఒక మాట కోసం వెతికితే దొరకదు. ఉన్న వ్యాసం లేనట్టే.

2018లో వచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనల దగ్గర ఈ అడ్డంకి వైపరీత్యంగా మారింది. ఆ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే చర్య లేదు. 10 నుండి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల లోపు సవరించి సమర్పించాలి. 40 నుండి 60 శాతం ఉంటే ఏడాది పాటు సమర్పణకు అనర్హత. 60 దాటితే నమోదు రద్దు. పోలిక లెక్కించే యంత్రం అక్షర సంకేతాలను పోలుస్తుంది. పాత ఫాంటులో ఉన్న వ్యాసాన్ని యూనికోడ్‌లో ఉన్న రచనలతో పోల్చితే ఏ పోలికా రాదు. అంటే పక్క పుస్తకం నుండి అధ్యాయానికి అధ్యాయం ఎత్తి రాసినవాడికి సున్న శాతం ధ్రువపత్రం వస్తుంది. యూనికోడ్‌లో రాసి, ప్రబంధ పద్యాలను నిజాయితీగా ఉదాహరించినవాడికి మాత్రం శాతం పెరుగుతుంది. ఎందుకంటే మనం పద్యాన్ని ‘ఉ.’, ‘చ.’, ‘సీ.’ అని ఛందస్సు గుర్తుతో విడిగా దింపి రాస్తాం గాని ఉద్ధరణ చిహ్నాల్లో పెట్టం. ఆధారం చూపిన ఉల్లేఖనలను మినహాయించాలని నిబంధనలోనే ఉన్నా, ఉల్లేఖనను యంత్రం గుర్తుపట్టేది చిహ్నాలను బట్టి. పర్యవేక్షకులు నివేదికను పంక్తి పంక్తి చదివి మినహాయించాలి. శాతం అంకె చూసి సంతకం పెట్టడం సరిపోదు.

అదే నిబంధనల్లో వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛిక పోలికను మినహాయించే వెసులుబాటు ఉంది. పద్నాలుగు అన్న సంఖ్య ఏ భాషా పదాలను లెక్కించి నిర్ణయించారో ఊహించడం కష్టం కాదు. ‘చేయలేకపోయినందువల్ల’ తెలుగులో ఒక పదం; ఆంగ్లంలో ఆ భావానికి నాలుగైదు పదాలు కావాలి. తెలుగులో వరుసగా పద్నాలుగు పదాలంటే రెండు మూడు పూర్తి వాక్యాలు. సమాసభూయిష్టమైన పద్యంలోనైతే పద్యం సగమో ముప్పాతికో కావచ్చు. అంతటి పోలికను యాదృచ్ఛికమని ఎవరంటారు? దీనికి తోడు పద విభజనలో మనకు స్థిరత్వం లేదు. ‘రాసి ఉన్నాడు’ అని ఒకరు, ‘రాసివున్నాడు’ అని మరొకరు రాస్తారు. ‘వ్రాసి’, ‘రాసి’ భేదం ఉండనే ఉంది. ఆ చిన్న మార్పుతో పోలిక తెగిపోతుంది. మన భాషకు తగిన కొలమానాన్ని తెలుగు శాఖలు, వాటికి ఇరుగుపొరుగున ఉన్న భాషా సాంకేతిక కేంద్రాలు కలిసి నిర్ణయించవలసి ఉంది. భాషాశాస్త్రవేత్తల పదవిశ్లేషణ పరికరాలు ఇక్కడ పనికొచ్చినంతగా మరెక్కడా పనికిరావేమో.

రూపానికి సంబంధించిన మిగతా నియమాలను ఎక్కువగా చర్చించనక్కరలేదు. గ్రంథనామాలను వాలు అక్షరాల్లో ఇవ్వాలన్నది రోమన్ ముద్రణ సంప్రదాయం. తెలుగు అచ్చులో వాలుటక్షరం లేదు. యంత్రం బలవంతంగా వంచిన అక్షరంలో తలకట్టు ఒకవైపు, ఒత్తు మరొకవైపు జరుగుతాయి. ఉద్ధరణ చిహ్నాలే చాలు. పన్నెండు పాయింట్లు, ఒకటిన్నర ఎడం అన్న నియమం కూడా ఒత్తులు కిందికి, గుడులు పైకి సాగే లిపికి యథాతథంగా నప్పదు. పోతన, సురవరం, మండలి, రామభద్ర ఫాంట్లలో ఒకే పరిమాణం ఒకేలా ఉండదు. ఫాంటు పేరు చెప్పకుండా పరిమాణం మాత్రమే చెప్పే నియమం అసంపూర్ణం.

పుస్తకం కాని ఆధారం

ఇంతవరకు చెప్పింది అచ్చు ఆధారాల గురించి. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’తో తెరిచిన దారిలో ఎన్నో సిద్ధాంత వ్యాసాలు వచ్చాయి. వాటికి ప్రధానాధారం పుస్తకం కాదు, మనిషి. పాడినవారి పేరు, వయసు, కులం, ఊరు, సేకరణ తేదీ అనుబంధంలో ఇవ్వడం అప్పటి నుండి ఆచారంగా ఉంది. గేయం పాఠాన్ని ఆ పాడిన సందర్భం నుండి విడదీయలేం కనుక ఆ వివరాలు అవసరమే. అయితే వ్యాసం గ్రంథాలయంలో అటక మీద ఉన్నప్పటి పరిస్థితి వేరు, ప్రపంచంలో ఎవరైనా తెరిచి చదవగల ‘శోధ్‌గంగ’లో ఉన్నప్పటి పరిస్థితి వేరు. తన కులం మీద, ఊరి పెద్దల మీద పాట పాడిన ముసలామె పేరు, ఊరు, ఇంటి గుర్తు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఆమె అనుమతి ఇచ్చింది పాట రాసుకోవడానికి.

పూర్తి వివరాల పట్టికను శాఖ గ్రంథాలయంలో భద్రపరచి, ఎలక్ట్రానిక్ ప్రతిలో వక్తకు సంకేత సంఖ్య, మండలం, సేకరణ సంవత్సరం మాత్రమే ఇచ్చే పద్ధతి ఒకటి సాధ్యం. కాని అందులో మరో అన్యాయం పొంచి ఉంది. రాతకవికి పేరు దక్కి, పాటకవి సంఖ్యగా మిగలడం మన సాహిత్య చరిత్రలో కొత్త కాదు. అందువల్ల పేరు ప్రకటించాలో వద్దో వక్తనే అడగాలి. అడిగిన తేదీని, వారి జవాబును వారి మాటల్లోనే అనుబంధంలో నమోదు చేయాలి. పేరు ఉండాలన్నవారిని మిగతా గ్రంథకర్తలతో కలిపి, అకారాది క్రమంలో వారి స్థానంలోనే, ఆకరాల జాబితాలో చేర్చవచ్చు. మౌఖికాధారాలకు వేరే జాబితా అక్కరలేదు.